ఇంట్లో, ఫంక్షన్ హాల్లో ఫోటోలు: వెలుతురు దేన్నుంచి తీసుకోవాలి, వైట్ బ్యాలెన్స్ ఎలా పెట్టాలి?

పుట్టినరోజు ఫోటోల్లో మొహాలన్నీ నారింజ రంగులో వస్తాయి. సీమంతం ఫోటోల్లో ధర్మవరం పట్టుచీర అంచు తెల్లగా కాలిపోయి జరీ కనపడదు. రిసెప్షన్ స్టేజి మీద పెళ్లికూతురి చెంప ఊదారంగుకు తిరుగుతుంది. మూడూ చూడ్డానికి "రంగు తేడా వచ్చింది" అనిపించేవే, కానీ తప్పులు వేరు వేరు. మొదటిది వైట్ బ్యాలెన్స్ తప్పు, అంటే లైటు రంగు ఏదైనా తెలుపు తెల్లగానే కనిపించేలా కెమెరా చేసే సర్దుబాటు కుదరలేదు. రెండోది ఎక్స్‌పోజర్ తప్పు, అంటే కెమెరాలోకి వెలుతురు కావాల్సినదానికన్నా ఎక్కువ పడింది. మూడోది లైటు తప్పు, దాన్ని ఏ కెమెరా సెట్టింగూ సరిచేయలేదు. ఏ తప్పు జరుగుతోందో పట్టుకోకుండా కొత్త కెమెరా కొన్నా అవే మొహాలు వస్తాయి.

ఫోన్ చాలా, ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది) కొనాలా, ఫ్లాష్ కొనాలా, ఎల్ఈడీ ప్యానెల్ కొనాలా అని తేల్చుకోలేనివాళ్ల కోసం ఈ పోలిక. కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లను, హాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇక్కడి ఇళ్ల తీరుకు కొన్ని సలహాలు మారతాయి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు మొహం మీద ఎన్ని రకాల వెలుతురు పడుతోందో చూడండి. తెల్ల కాగితం ఒకటి మనిషి గడ్డం దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఒకవైపు పసుపుగా, ఇంకోవైపు నీలంగా కనిపిస్తే రెండు రకాల వెలుతురు ఉన్నట్టు. అలాంటప్పుడు ఏ ఒక్క వైట్ బ్యాలెన్స్ సెట్టింగూ రెండిటినీ సరిచేయదు. ఒకదాన్ని ఆర్పాలి, లేదంటే మనిషిని జరపాలి.

రెండోది వెలుతురు ఎంత ఉందన్నది. నిలబడ్డవాళ్లకు షట్టర్ 1/60 (సెకనులో అరవయ్యో వంతు సేపు తెరుచుకోవడం) సరిపోతుంది. అక్షింతలు వేసే చేతులకు, కేకు చుట్టూ ఎగిరే పిల్లలకు కనీసం 1/125 కావాలి. ఆ వేగం అందనిచోట ఫోటో షేక్ అవుతుంది.

మూడోది పైకప్పు ఎత్తు, గోడల రంగు. ఫ్లాష్ కొనాలా వద్దా అన్నది చాలావరకు దీని మీదే తేలుతుంది. ఆఖరుది, లైట్లు మీ మాట వింటాయా లేదా. ఇంట్లో స్విచ్చి మీ చేతిలో ఉంటుంది. ఫంక్షన్ హాల్లో అది లైటింగ్ అతని చేతిలో ఉంటుంది.

| మొహం మీది వెలుతురు | సుమారు కెల్విన్ (వెలుతురు రంగు కొలత) | డేలైట్ సెట్టింగులో తీస్తే |
|---|---|---|
| దీపం, కేకు కొవ్వొత్తి | 1900 | ఎర్రటి నారింజ |
| పాత పసుపు బల్బు, హాలోజెన్ | 2700–3200 | నారింజ |
| ఫాల్స్ సీలింగులోని వార్మ్ ఎల్ఈడీ | 3000 | నారింజ |
| ఫ్లాష్ | 5500 | సరిగ్గా |
| తెల్ల ఎల్ఈడీ ట్యూబు | 6500 | కాస్త నీలం, నాసిరకమైతే ఆకుపచ్చ |
| కిటికీలోంచి నీడపాటు వెలుతురు | 7000–8000 | నీలం |
| స్టేజి మీది రంగు పార్ లైట్లు (రంగు వెలుగు చిమ్మే ఫోకస్ లైట్లు) | కెల్విన్ లెక్కకు రావు | లైటు ఏ రంగైతే మొహం ఆ రంగు |

ఫోన్ ఆటోలో

ఫోన్ చాలామంది అనుకునేదానికన్నా బాగా పనిచేస్తుంది, మూడు అలవాట్లు చేసుకుంటే. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరిపితే జరీ, తెల్ల చొక్కాలు కాలిపోకుండా ఆగుతాయి. బ్యూటీ మోడ్ తీసేయండి. అది చామనఛాయ మొహాన్ని పిండి పూసినట్టు చేస్తుంది, అమ్మమ్మ మొహం మీది ముడతల్ని చెరిపేస్తుంది. ఆ ముడతలు లేకపోతే ఆమె ఆమెలా ఉండదు.

నైట్ మోడ్ వరసగా తీసిన చాలా ఫ్రేములు కలిపి ఒక ఫోటో చేస్తుంది. తాతయ్య కుర్చీలో కదలకుండా కూర్చుంటే బాగా వస్తుంది. పిల్లలున్న చోట ఆఫ్ చేయండి.

ప్రో మోడ్ (సెట్టింగులు మీరే పెట్టుకునేది) ఉంటే షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఆ లెక్కకు కుదరని వేగం పెడితే ఫోటోకు అడ్డంగా నల్లటి చారలు వస్తాయి. కెమెరాలో సైలెంట్ షట్టర్ వాడేవాళ్లకు ఈ చారలు ఇంకా ఎక్కువ, హాల్లో మెకానికల్ షట్టరే వాడాలి. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ అవుతుంది. అప్పుడు ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూసుకోండి. చారలుంటే 1/50కి దిగండి.

ఫోన్‌కు అసలు ఇబ్బంది రంగు దగ్గరే. ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫ్రేముకూ కొత్తగా లెక్క వేస్తుంది. ఒకే వరసలో తీసిన పది ఫోటోల్లో ఒకే చీర మూడు రంగుల్లో రావడం అందుకే.

ఉన్న వెలుతురుతోనే, ఎఫ్ 1.8 లెన్స్‌తో

కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. మామూలు ట్యూబులైట్ల గదిలో ఎఫ్ 2, 1/100, ఐఎస్ఓ (పడిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600తో వచ్చే ఫోటోకే ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్ఓ 12800 కావాలి. తేడా మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లేదా సగం). గ్రెయిన్ వచ్చిందని కెమెరాను తిట్టుకునే చోట చాలాసార్లు లోపం లెన్స్‌ది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి కొంటే ఇంటి వేడుకలకు పెద్ద తేడా కనిపిస్తుంది. చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటు లేకపోతే 35 మిల్లీమీటర్లది మేలు, ముఖ్యంగా ఏపీఎస్‌సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది, దృశ్యాన్ని ఇంకా దగ్గరగా చూపేది) కెమెరాల మీద.

దీని లోపం కూడా తెలుసుకోవాలి. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ చాలా సన్నగా ఉంటుంది. పక్కపక్కన నిలబడ్డ దంపతుల్లో ఒకరు అడుగు వెనక ఉంటే వాళ్లు మసకబారతారు. ఇద్దరికి ఎఫ్ 2.8, రెండు వరసల గుంపుకు ఎఫ్ 5.6 కావాలి. గుంపు ఫోటో అనేసరికి ఈ దారి మూసుకుపోతుంది, ఫ్లాష్ కావాల్సిందే.

పాత మిద్దె ఇళ్లలో పగటిపూట వేడుకకు ఇంకో చిక్కుంది. గోడలు మందం, కిటికీలు చిన్నవి, వెలుతురంతా వాకిలి నుంచో, పైనున్న గవాక్షి నుంచో వస్తుంది. గవాక్షి కింద సరిగ్గా నిలబెడితే కళ్ల గుంటలు నల్లగా వస్తాయి. రెండడుగులు పక్కకు జరిపి, మొహం వెలుతురు వైపు కాస్త ఎత్తమనండి. కింద నల్ల కడప బండలైతే నేల నుంచి పైకి వెలుతురు ఏమీ రాదు, గడ్డం కింద చీకటి పడుతుంది. మంచం మీది తెల్ల దుప్పటి తెచ్చి ఫ్రేములో పడకుండా వాళ్ల ముందు నేల మీద పరిస్తే ఆ చీకటి సగం పోతుంది. పగలు కిటికీ వెలుతురు చాలినప్పుడు పసుపు లైట్లు ఆర్పేయండి. రెండూ కలిపితే సగం మొహం నీలం, సగం మొహం పసుపు.

బౌన్స్ ఫ్లాష్

కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ సూటిగా కొడితే నుదురు మెరుస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ అంటుకుంటుంది. తల తిరిగే ఫ్లాష్‌ను పైకప్పుకేసి కొడితే ఆ పైకప్పే పెద్ద దీపం అవుతుంది. పది అడుగుల ఎత్తు, తెల్ల సున్నం లేదా తెల్ల పీఓపీ ఉన్న ఇంటి హాల్లో దీనికి సాటి వచ్చేది లేదు. టీటీఎల్ మోడ్ (ఫ్లాష్ పవర్ ఎంతో కెమెరాయే లెక్కగట్టేది), ఎఫ్ 4, 1/125, ఐఎస్ఓ 800తో మొదలుపెట్టండి. ఫ్లాష్ తలను నిట్టనిలువుగా కాకుండా కాస్త వెనక్కి వంచితే వెలుతురు మీ వెనకున్న గోడ నుంచి కూడా వచ్చి కళ్లలోకి పడుతుంది.

మొహాలు బాగా వచ్చి వెనకంతా నల్లటి గుహలా కనిపిస్తే ఫ్లాష్ పవర్‌తో కుస్తీ పట్టొద్దు. ఫ్లాష్ ఉన్నప్పుడు షట్టర్ వేగం గది వెలుతురునే మారుస్తుంది, ఫ్లాష్ వెలుతురు అలాగే ఉంటుంది. 1/60కి దించి, ఐఎస్ఓ 1600కి పెంచండి. మామూలు ట్యూబులైట్ల గదిలో వెనకభాగం మొహంకన్నా సుమారు ఒక స్టాపు తక్కువలో ఉంటుంది. తోరణాలు, బెలూన్లు కనిపిస్తాయి, చూపు మాత్రం మొహం మీదే నిలుస్తుంది. షట్టర్‌ను పైకి తీసుకెళ్లేటప్పుడు సింక్ వేగం (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దాటకండి. అది సాధారణంగా కెమెరాను బట్టి 1/160 నుంచి 1/250 మధ్య ఉంటుంది. దాటితే ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది.

ఇదే ఫ్లాష్ ఫంక్షన్ హాల్లో ఎందుకు చతికిలపడుతుందో లెక్క చూడండి. ఇంట్లో ఫ్లాష్ నుంచి పైకప్పుకు, అక్కడి నుంచి మొహానికి దాదాపు 10 అడుగుల దారి. 20 అడుగుల ఎత్తున్న హాల్లో అది 30 అడుగులవుతుంది. దూరం మూడు రెట్లయితే చేరే వెలుతురు సుమారు తొమ్మిదో వంతు. అంటే మూడు స్టాపులకు పైగా నష్టం. ఫ్లాష్ ప్రతిసారీ పూర్తి పవర్‌తో కొట్టి వేడెక్కుతుంది, తిరిగి నిండటానికి నాలుగైదు సెకన్లు తీసుకుంటుంది. ఈలోపు తలంబ్రాలు అయిపోతాయి. అలాంటి హాల్లో పక్కనున్న తెల్ల గోడకు కొట్టండి. అదీ లేకపోతే ఫ్లాష్‌కు చిన్న సాఫ్ట్‌బాక్స్ తగిలించి సూటిగానే కొట్టండి. రీచార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు రెండు సెట్లు ఉంచుకోండి. మామూలు ఆల్కలైన్ సెల్లులతో ఫ్లాష్ తిరిగి నిండటం నెమ్మదిస్తుంది.

గోడ రంగు మరిచిపోవద్దు. పిస్తా ఆకుపచ్చ గోడకు కొడితే మొహం జబ్బు చేసినట్టు వస్తుంది. గులాబీ గుడ్డ కట్టిన పైకప్పుకు కొడితే అందరూ గులాబీ. రంగు గోడల మధ్య తెల్లగా మిగిలేది తరచూ పైకప్పు ఒక్కటే, దాన్నే నమ్ముకోండి.

ఎల్ఈడీ ప్యానెల్

ఫోన్‌తో తీసేవాళ్లకు, వీడియో కూడా కావాల్సినవాళ్లకు ఇది నప్పుతుంది, ఎందుకంటే వెలుతురు ఎలా పడుతోందో తీయకముందే కంటికి కనిపిస్తుంది. 3200 నుంచి 5600 కెల్విన్ దాకా మార్చుకునే రకం తీసుకోండి. గది లైట్లకు ప్యానెల్‌ను సరిపెడితే మొహానికీ వెనకభాగానికీ ఒకే రంగు వస్తుంది. సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 లేదా పైన ఉండాలి. తక్కువ రకాల్లో ఎరుపు చచ్చిపోతుంది, కుంకుమ గోధుమరంగులో వస్తుంది.

దూరం విషయంలో జాగ్రత్త. మీటరు దూరంలో బాగున్న ప్యానెల్ రెండు మీటర్ల దూరంలో నాలుగో వంతే వెలుగిస్తుంది. గుంపు ఫోటోకు అస్సలు చాలదు. మొహం మీదే వెలుగుతూ ఉంటే పెద్దవాళ్లకు కళ్లు మండుతాయి, పసిపిల్లలు ఏడుస్తారు. బారసాలలో ఇది వాడొద్దు, కిటికీ చాలు.

| | ఫోన్ ఆటో | ఎఫ్ 1.8 లెన్స్ | బౌన్స్ ఫ్లాష్ | ఎల్ఈడీ ప్యానెల్ |
|---|---|---|---|---|
| ఇంటి హాలు, తెల్ల పైకప్పు | పరవాలేదు | మంచిది | అన్నిటికన్నా మంచిది | మంచిది |
| ఎత్తైన ఫంక్షన్ హాలు | స్టేజి దగ్గరే | మంచిది | కష్టం | దగ్గరివాళ్లకే |
| పరిగెత్తే పిల్లలు | కష్టం | మంచిది | అన్నిటికన్నా మంచిది | పరవాలేదు |
| రెండు వరసల గుంపు | పరవాలేదు | కష్టం | మంచిది | చాలదు |
| కొవ్వొత్తి వెలుగు | పరవాలేదు | అన్నిటికన్నా మంచిది | పాడుచేస్తుంది | పాడుచేస్తుంది |

మొహం ఎక్స్‌పోజర్ ఎంత ఉండాలి

కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నదంతా మధ్యస్థ బూడిదరంగు అనుకుంటుంది. తెల్ల గోడ ముందు తెల్ల పంచెకట్టుతో పిల్లవాడుంటే ఫోటో మబ్బుగా వస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (స్టాపుల్లో పెంచే తగ్గించే సెట్టింగు) +0.7 నుంచి +1 ఇవ్వాలి. వెనక నల్లటి కర్టెన్ ఉంటే మొహం కాలిపోతుంది, −0.7 ఇవ్వాలి. స్టేజి వెనక ఎల్ఈడీ వాల్ వెలుగుతుంటే మీటర్ దాన్ని చూసి బెదిరి మొహాల్ని నల్లబరుస్తుంది. అక్కడ మాన్యువల్ మోడ్ పెట్టి మొహానికి ఒకసారి సరిచూసుకుని ఇక ముట్టుకోకుండా ఉండటం మేలు.

స్పాట్ మీటర్ (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచేది) వాడేవాళ్లు చర్మపు ఛాయను బట్టి సర్దుకోవాలి. పచ్చని ఛాయకు +0.7, చామనఛాయకు సున్నా, నల్లని ఛాయకు −0.5 దగ్గర మొదలుపెట్టి చూడండి. నల్లని మొహాన్ని తెల్లగా చేయడం మంచి ఎక్స్‌పోజర్ కాదు. ఆ మనిషి పక్కన నిలబడి ఫోటో చూస్తే అదే మనిషిలా కనపడాలి. నల్లని మొహానికి కావాల్సింది పెద్ద మెత్తని వెలుతురు. అది పక్క నుంచి పడితే చెంప ఎముక మీద చిన్న మెరుపు వచ్చి మొహం లేచి కనిపిస్తుంది.

వైట్ బ్యాలెన్స్: ఐదు పద్ధతులు

*ఆటో.* తెల్ల ట్యూబుల గదిలో బాగానే ఉంటుంది. ఒకే రంగు ఫ్రేమంతా నిండినప్పుడు మోసపోతుంది. నలుగు, హల్దీ వేడుక దీనికి సరైన పరీక్ష. వెనక బంతిపూల తెర, ఒంటినిండా పసుపు, పసుపు చీరలు. కెమెరా "లైటు పసుపుగా ఉంది కాబోలు" అనుకుని నీలం కలుపుతుంది. బంతిపూలు పాలిపోతాయి, చేతులు బూడిదరంగుకు తిరుగుతాయి. అరటాకులు, మామిడాకులు నిండితే అటు గులాబీకి పోతుంది. కొన్ని కెమెరాల్లో ఆటోకే రెండు మూడు రకాలున్నాయి, తెలుపు కాపాడేది ఒకటి, వెచ్చదనం ఉంచేది ఒకటి. వార్మ్ లైట్ల ఇంట్లో మొదటిది పెట్టండి.

*ప్రీసెట్లు.* బల్బు గుర్తు, ట్యూబు గుర్తు, ఎండ గుర్తు. పరిపూర్ణంగా రాకపోయినా అన్ని ఫోటోలూ ఒకేలా వస్తాయి. ఒకేలా తప్పొస్తే తర్వాత ఒకేసారి సరిచేయొచ్చు.

*కెల్విన్ అంకె.* పై పట్టికలోని అంకె పెట్టి, ఒకటి తీసి చూసి, పసుపు ఎక్కువైతే అంకె తగ్గించండి, నీలం ఎక్కువైతే పెంచండి. నాసిరకం ట్యూబుల ఆకుపచ్చ ఈ అంకెతో పోదు. టింట్‌ను (ఆకుపచ్చకూ మెజెంటాకూ మధ్య సర్దే సెట్టింగును) మెజెంటా వైపు జరపాలి.

*గ్రే కార్డుతో కస్టమ్.* మొహం ఉండే చోటే, మొహం చూసే దిక్కుకే కార్డు (ఏ రంగూ కలవని బూడిద అట్ట) పట్టి తీసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా ఎంచుకోవాలి. నిమిషం పని. లైట్లు మారితే మళ్లీ తీయాలి. కార్డు లేదని ఎవరి తెల్ల పంచెనో చూపించకండి. నీలిమందు పెట్టి ఉతికిన పంచెలో నీలం దాగి ఉంటుంది. దాన్నే తెలుపు అనుకున్న కెమెరా ఫోటో అంతా పసుపు చేస్తుంది. ప్రింటు కాగితంలోనూ మెరుపు కోసం వేసే రసాయనాలుంటాయి, కాబట్టి అది గ్రే కార్డుకు సమానం కాదు.

*రా ఫైల్, తర్వాత సరిచేయడం.* జేపెగ్‌లో రంగు ముద్రపడిపోతుంది. రా ఫైల్ సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాస్తుంది, అందులో వైట్ బ్యాలెన్స్ నష్టం లేకుండా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బదులుగా 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో ఫోటో 25–30 ఎంబీ ఉంటుంది, వేడుకయ్యాక కూర్చునే ఓపికా కావాలి. కాలిపోయిన జరీని మాత్రం ఇదీ తిరిగి తేలేదు.

ఫ్లాష్ వాడేవాళ్లకు ఇంకొక మెట్టు ఉంది. 3000 కెల్విన్ వార్మ్ లైట్ల గదిలో 5500 కెల్విన్ ఫ్లాష్ కొడితే మొహం తెల్లగా, వెనక గోడ నారింజగా వస్తుంది. ఫ్లాష్ మీద నారింజ సీటీఓ జెల్ కాగితం వేసి కెమెరాలో 3200 పెడితే రెండూ కలుస్తాయి. జెల్ ఒక స్టాపు దాకా వెలుతురు తింటుంది, టీటీఎల్ దాన్ని చూసుకుంటుంది. గది కాస్త వెచ్చగానే కనిపించాలంటే సగం సీటీఓ వేసి 3800–4000 పెట్టండి. వేడుక ఫోటోలకు ఈ రెండోదే అందంగా ఉంటుంది, ఇల్లు ఇల్లులా కనిపిస్తుంది. తెల్ల ట్యూబుల గదిలో జెల్ అక్కర్లేదు.

కొవ్వొత్తులు వెలిగించి లైట్లు ఆర్పినప్పుడు రంగును పూర్తిగా సరిచేయబోకండి. 3200 దగ్గర ఉంచితే వెచ్చదనం మిగులుతుంది. ఎఫ్ 1.8, 1/60, ఐఎస్ఓ 3200.

సెట్టింగులతో కుదరని రెండు చోట్లు

ఊదారంగు పార్ లైట్ల కింద మొహం మీద ఎరుపు, నీలం మాత్రమే పడతాయి, ఆకుపచ్చ దాదాపు ఉండదు. లేని రంగును వైట్ బ్యాలెన్స్ పుట్టించలేదు. మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నా ఎరుపు చానల్ కొట్టుకుపోయి ఉండొచ్చు. ఉన్న మార్గం ఒక్కటే. అక్షింతలకు ముందే లైటింగ్ అతని దగ్గరికి వెళ్లి, "అన్నా, మొహాల మీదికి తెల్ల లైటు ఒకటే ఉండనీ అన్నా, ఆ రంగులన్నీ రవంత సేపు వెనక తెర మీదికి తిప్పు" అని అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. రంగులు తెర మీద పడితే ఫోటో ఇంకా బాగుంటుంది కూడా.

రెండోది మిద్దె మీద వేసిన షామియానా. అనంతపురం ఎండ ఎర్రగుడ్డలోంచి దిగితే కిందున్న మొహాలన్నీ ఎర్రబడతాయి. గ్రే కార్డు కొంత సరిచేస్తుంది, పూర్తిగా కాదు. మనుషుల్ని షామియానా అంచుకు తెచ్చి, బయటి ఆకాశం వైపు మొహం తిప్పితే పక్క నుంచి వచ్చే తెల్ల వెలుతురు ఆ ఎరుపును గెలుస్తుంది. షామియానా వాళ్లను ముందే తెల్లగుడ్డ అడగగలిగితే ఈ తిప్పలే ఉండవు.

ఎవరికి ఏది

చుట్టపుచూపుగా వెళ్లి ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసేవారు ఏమీ కొనక్కర్లేదు. మొహాన్ని వెలుతురు వైపు తిప్పడం, లాక్ చేయడం, ప్రో మోడ్ ఉంటే కెల్విన్ కదలకుండా పెట్టడం చాలు.

ఇంట్లో పిల్లల వేడుకలకు కెమెరా కొన్నవారు మొదట ఎఫ్ 1.8 లెన్స్ కొని, తర్వాత తల తిరిగే ఫ్లాష్ కొనండి. రెండిట్లో ఒకటే కుదురుతుందంటే పైకప్పు చూసి తేల్చుకోండి. తెల్లగా, పది పన్నెండు అడుగుల లోపు ఉంటే ఫ్లాష్. రంగు వేసినదో, బాగా ఎత్తో అయితే లెన్స్.

డబ్బు తీసుకుని వేడుకలు తీయడం మొదలుపెట్టినవారికి ఎంపిక లేదు. లెన్స్, ఫ్లాష్, జెల్లు, గ్రే కార్డు అన్నీ కావాలి, తీసేది రా ఫైల్లో ఉండాలి. హాలుకు గంట ముందు వెళ్లి స్టేజి మీద, భోజనాల దగ్గర, గుమ్మం దగ్గర ఒక్కో గ్రే కార్డు ఫోటో తీసిపెట్టుకోండి. తర్వాత ఎక్కడి ఫోటోలకు అక్కడి కార్డుతో ఒకేసారి రంగు సరిచేయొచ్చు. ఆల్బమ్ ల్యాబుకు పంపేముందు లాప్‌టాప్ వెలుగు సగానికి తగ్గించి చూడండి. పూర్తి వెలుగులో సరిపోయిందనుకున్న మొహం కాగితం మీద నల్లగా దిగుతుంది. నాలుగు ఫోటోలు, ఒకటి జరీది, ఒకటి పసుపుది, ఒకటి చామనఛాయ మొహం, ఒకటి స్టేజి మీదిది, 4×6 సైజులో ప్రింటు తీయించి పగటి వెలుతురులో కిటికీ పక్కన పట్టుకుని చూడండి. మిగతా ఆల్బమ్‌కు ఎంత వెలుగు పెంచాలో అవి చెబుతాయి.